అంబాసిడర్ టాపెట్ కవర్ ప్యాకింగ్: ఇంట్లోనే మార్చుకునే పద్ధతి

పాత పెట్రోలు అంబాసిడర్‌లో టాపెట్ కవర్, అంటే ఇంజన్ నెత్తినుండే రేకు మూత దగ్గర ఆయిలు చెమరిస్తుంటే చాలామంది చేసే మొదటి పని, పానా తీసుకుని పైనున్న రెండు నట్లూ ఇంకో చుట్టు బిగించడం. రెండ్రోజులు తగ్గినట్టే ఉంటుంది. తర్వాత ముందుకంటే ఎక్కువ కారుతుంది. మళ్లీ బిగిస్తారు. అట్లా బిగించీ బిగించీ రేకు మూత అంచు వంగిపోయాక కొత్త ప్యాకింగ్ (మూతకూ ఇంజన్‌కూ మధ్య పరిచే పట్టీ) వేసినా ఆగదు. నేను చూసిన లీకుల్లో ప్యాకింగ్ చెడిపోవడం కంటే చేతిబలం చేసిన చెడుపే ఎక్కువ. అందుకే ముందే చెప్తున్నా, ఈ పనికి బలం అక్కర్లేదు. తుడవడం, చూడటం, ఆరనివ్వడం, ముప్పాతిక పని ఇదే.

నేను మెకానిక్కును కాను. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. మా నాయన కడప, రాయచోటి మధ్య బాడుగకు తిప్పిన మార్క్ 4 అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంటి ముందర వేపచెట్టు కింద ఉంది, నడుస్తుంది. చిన్నచిన్న పనులన్నీ నేనే చేసుకుంటా. టార్చి పట్టుకోవడానికి మా అక్క కొడుకు వస్తాడు.

ముందు మీ బానెట్ కింద ఉన్న ఇంజనేదో చూసుకోండి. నేను చెప్పేది 1489 సీసీ పాత పెట్రోలు ఇంజన్ సంగతి. ఇంగ్లండులో బీఎంసీ (బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్ ఇంజనే ఇది. అక్కడ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కూ, ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారుకూ కూడా ఇదే బిగించారు. వాల్వులను ఆడించే క్యామ్ కింద, వాల్వులు పైన, మధ్యలో ఆ కదలికను పైకి అందించే పుష్‌రాడ్లు, అన్నిటి మీదా ఒక రేకు మూత. తొంభైల్లో వచ్చిన ఇసుజు 1800 ఇంజనైతే క్యామ్ పైనే ఉంటుంది, దాని మూతా బిగింపూ వేరు. కింద రాసిన కొలతలు దానికి పనికిరావు.

ఎక్కడ కారుతోంది?

దీనికి తొందర పనికిరాదు. ఆయిలు పుట్టేది ఒకచోట, చుక్క రాలేది ఇంకోచోట. అది కిందికి జారుతుంది, పైగా ముందున్న ఫ్యాన్ గాలికి వెనక్కి పోతుంది. నేల మీద మరక చూసి జబ్బు చెప్పేవాణ్ణి నమ్మొద్దు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక పాత పెయింట్ బ్రష్షుతో, కొంచెం డీజిలుతో పైనుంచి కిందికి మడ్డి కడగండి. పెట్రోలుతో వద్దు. కార్బొరేటర్, బ్యాటరీ, ప్లగ్గు వైర్లు అన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. సర్వీసింగ్ సెంటర్లో పైపుతో నీళ్లు కొట్టించే అలవాటుంటే ఈ ఇంజన్‌కు అది కూడా మానుకోండి. డిస్ట్రిబ్యూటర్‌లో తడి దిగితే సాయంత్రం దాకా స్టార్ట్ కాదు. కడిగినచోట పాత బనీను గుడ్డతో పొడిగా తుడిచి, మూత అంచు చుట్టూ, దాని కింద హెడ్డు (మూత కూర్చునే ఇనుప భాగం) పక్కలా ఒంటికి పూసుకునే పౌడరు పలచగా చల్లండి. ముగ్గుపిండి మాత్రం వద్దు. అది రాతిపిండి, మూత తెరిచినప్పుడు లోపల పడితే బేరింగులను అరగదీస్తుంది. ఇప్పుడు ఇంజన్ పది నిమిషాలు నడిపి, ఆపి, టార్చి వేసి చూడండి. పౌడరు అన్నిటికంటే పైన ఎక్కడ తడిసిందో లీకు అక్కడ. దాని కిందున్న తడంతా దాని సంతానమే.

మూత అంచునే తడి మొదలైతే ఈ పని మీదే. మానిఫోల్డు (కాలిన పొగ బయటికి పోయే వేడి గొట్టాలు) వైపు కారితే ఆయిలు కాలిన వాసన, సన్నటి పొగ వస్తాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అవి లోపలికే కొడతాయి. ప్లగ్గుల వైపైతే వాసన ఉండదు, ప్లగ్గులూ వాటి వైర్లూ జిడ్డు పడతాయి.

మూత దగ్గర పొడిగానే ఉండి, హెడ్డు కింద, బ్లాకు (సిలిండర్లుండే భాగం) పక్కన తడిస్తే పక్క టాపెట్ మూతలను అనుమానించాలి. మానిఫోల్డు కింద బ్లాకు పక్కన రెండు చిన్న రేకు మూతలుంటాయి, అవే. వాటి గురించి కింద చెప్తా. క్లచ్ హౌసింగ్ అడుగున రంధ్రం నుంచి చుక్క పడుతుంటే అది వెనక మెయిన్ బేరింగ్ దగ్గరి ఆయిలు. ఈ ఇంజన్‌కు అక్కడ రబ్బరు సీలే పెట్టలేదు. క్రాంక్ షాఫ్టు మీద మర కోసి, షాఫ్టు తిరుగుతుంటే ఆయిలు లోపలికే మళ్లేట్టు చేశారు. బండి ఆగాక మర తిరగదు కదా, ఒకటి రెండు చుక్కలు రాలతాయి. కొత్తగా ఉన్నప్పుడూ అంతే. ఇంట్లో దాని జోలికి పోవద్దు.

ఇంకొక్కటి చూడాలి. ఆయిలు పోసే మూత అడుగున పాలెక్కువైన కాఫీ రంగులో నురగ పేరుకుని, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ, సైలెన్సర్ నుంచి ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తుంటే అది హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ప్యాకింగ్, పోయినట్టు. రోజూ మార్కెట్‌దాకా పోయొచ్చి ఆపేసే బండికి చలికాలంలో ఆ నురగ కొంచెం రావడం మామూలే, నీళ్లు కూడా తగ్గుతుంటేనే భయపడాలి. హెడ్డు ఊడదీయడం, లేత్ షాపులో చదును చూపించడం, వరుసక్రమంలో బిగించడం ఇంటి ముందర చేసే పని కాదు. మెకానిక్కు దగ్గరికి తోలుకుపోండి. నడుపుకుంటూ కాదు, కట్టి లాక్కుని.

ప్యాకింగ్ వేసే ముందు గాలి సంగతి

ఇది చెప్పేవాళ్లు తక్కువ. పిస్టన్ల పక్కనుంచి కొంచెం గాలి ఎప్పుడూ కింద ఆయిలుండే చాంబర్లోకి దిగుతూనే ఉంటుంది. ఆ గాలి బయటికి పోవడానికే బ్రీదర్ పైపు పెట్టారు. అది మడ్డితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిలును ఎక్కడ సందుంటే అక్కడినుంచి తోస్తుంది. అప్పుడు మీరు ఎంత ఖరీదైన ప్యాకింగ్ వేసినా నిలవదు. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిలు మూత తీసి చూడండి. పలచటి ఆవిరి లేస్తే సరే. పొగ గుప్పుగుప్పుమని తంతుంటే ముందు బ్రీదర్ పైపు విప్పి డీజిలులో కడిగి, ఊది చూడండి. పైపు శుభ్రంగా ఉండీ అట్లాగే తంతుంటే పిస్టన్ రింగులు అరిగాయి. అది బోరు పని, దానికి డబ్బు వేరుగా పోగేసుకోవాలి.

సామాన్లు

అంబాసిడర్ తయారీ కలకత్తా దగ్గరి ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లోనే ఆగిపోయింది. కడపలో ఏడు రోడ్ల చుట్టుపక్కల ఎంత తిరిగినా 1489 ఇంజన్ ప్యాకింగ్ దొరకడం అదృష్టమే. బెంగళూరు జేసీ రోడ్డుకు ఎవరైనా పోతుంటే చెప్పి తెప్పించుకోవడం మేలు. ప్యాకింగ్‌తోపాటు పైనట్ల కింద ఉండే రెండు రబ్బరు బుష్షులు, ఆయిలు మూత రబ్బరూ అడగండి. అందరూ మర్చిపోయేది ఆ బుష్షులనే. ఎండిపోయి రాయిలా గట్టిపడిన బుష్షు మూతను సమంగా నొక్కదు, స్టడ్డు (నట్టు ఎక్కే మర కడ్డీ) వెంబడి ఆయిలు పైకి ఎగబాకుతుంది, మనం ప్యాకింగ్‌ను తిట్టుకుంటాం.

ప్యాకింగ్ కార్క్‌తో చేసింది. కార్క్ అంటే చెట్టు బెరడే, మా కడప ఎండల్లో అంగట్లో ఏళ్లతరబడి వేలాడితే ఎండి కురచవుతుంది. చేతిలోకి తీసుకుని మెల్లగా వంచి చూడండి. పొడి రాలినా, చిట్లినా వద్దనండి. బాగానే ఉంది కానీ మూత కొలతకు కొంచెం తక్కువైతే గోరువెచ్చని నీళ్లలో కాసేపు నాననిస్తే సాగుతుంది. తర్వాత చదునుగా పరిచి పైతడి ఆరనివ్వాలి. రబ్బరు కలిసిన కార్క్ దొరికితే ఇంకా మంచిది, అంత తొందరగా ఎండదు.

ఎక్కడా దొరక్కపోతే షీటు తెచ్చి కోసుకోవచ్చు. మందం పాతదాన్ని చూసి తీసుకోండి. అయితే నలిగినచోట కాదు, నలగనిచోట కొలవాలి. మూతను షీటు మీద బోర్లించి బాల్‌పెన్నుతో చుట్టూ గీత గీసి, కొత్త బ్లేడుతో ముందు లోపలి గీత, తర్వాత బయటి గీత కోయాలి. బయటిది ముందు కోస్తే సన్నటి పట్టీ చేతిలో కదిలి తెగుతుంది. ఒకే ముక్కగా రావాలి. అతుకు పెడితే అతుకు దగ్గరే కారుతుంది.

పానాలు అంగుళాల కొలతవి కావాలి. ఈ బండి నట్లు మిల్లీమీటర్లవి కావు. 13 నంబరు పానా అర అంగుళం నట్టుకు పట్టినట్టే పట్టి, జారి మూలలు అరగదీస్తుంది. ఇవి కాక చెక్క గరిటె లాంటిది ఒకటి గోకడానికి, చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు బంక, సందులు కొలిచే పలచటి రేకుల ఫిల్లర్ గేజ్, కొంచెం గ్రీజు.

విప్పడం

బండి చదునైన చోట, చల్లటి ఇంజన్‌తో, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రానికి రాయి పెట్టి ఉండాలి. బ్యాటరీ నెగిటివ్ తీసేయండి. కింద దూరే పని లేదు కాబట్టి జాకీ అక్కర్లేదు. ఈ పనికి దిగిన వంకతో జాకీ మీద లేపి కిందకు దూరే ఉత్సాహం వస్తే మాత్రం స్టాండ్లు లేకుండా దూరొద్దు.

మూత మీదికి వచ్చే గొట్టాలూ వైర్లూ పక్కకు తప్పించండి, తీసేముందు ఫోన్లో ఒక ఫొటో కొట్టండి. మూత చుట్టుపక్కల దుమ్ము మళ్లీ ఒకసారి తుడవండి. మూత లేచాక రాలే మట్టి నేరుగా పుష్‌రాడ్ల రంధ్రాల్లోంచి చాంబర్లోకి పోతుంది. పైన రెండు నట్లు విప్పి, నట్టు, గిన్నె వాషరు, రబ్బరు బుష్షు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో కాగితం మీద పేర్చండి.

మూత పట్టేసి లేవకపోతే అరచేత్తో పక్కలనుంచి కొట్టండి, లేకుంటే చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టండి. అంచు కింద స్క్రూడ్రైవర్ దోపి లేపొద్దు. అదొక్కటే చేయకుండా ఉంటే చాలు, మూత ఇంకో ముప్పై ఏళ్లు వస్తుంది. లేవగానే తెరిచిన భాగం మీద శుభ్రమైన గుడ్డ కప్పండి, నూలుపోగులు రాలని గుడ్డ.

అంచు చదును

ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. మూతకు అతుక్కున్న పాత కార్క్ చెక్కతో గోకండి, మొండికేస్తే డీజిలు తడిపి అరగంట వదిలేయండి. హెడ్డు పోత ఇనుముది కాబట్టి దానిమీద బ్లేడు వాడినా గీతలు పడవు, కానీ గోకిన పొడి లోపలికి పోకుండా చుట్టూ గుడ్డలు కుక్కాలి. తర్వాత ఒక్కో గుడ్డ పొడితో సహా మడిచి తీయాలి.

ఇప్పుడు చదునైన బండ కావాలి. మా ఊళ్లో దానికి కరువు లేదు. వంటింటి గట్టుకు పరిచే నునుపు పట్టిన నల్ల కడప బండ ముక్క ఒకటి చాలు. గట్టు మీదే పెట్టి చూద్దామంటే ఇంట్లో ఒప్పుకోరు, నేను పెరట్లో మిగిలిన ముక్క వాడతా. మూతను బండమీద బోర్లించి నాలుగు మూలలా ఒక్కో వేలితో నొక్కండి. టకటకలాడిందా, అంచు మెలితిరిగింది. ఆడకపోయినా, అవతల టార్చి పెట్టి ఇవతల కంటితో చూడండి. వెలుతురు ఎక్కడ దూరితే ఆయిలు అక్కడ దూరుతుంది. ఈ మూతను నొక్కేవి పైన మధ్యలోని రెండు నట్లే కాబట్టి అతిగా బిగించినప్పుడు మూత నెత్తి లోపలికి దిగి, అంచులు విల్లులా వంగుతాయి.

సరిచేయడం కష్టం కాదు. అంచును గట్టి చెక్క మీద ఆనించి, చిన్న సుత్తితో వంగినచోట తట్టి, మళ్లీ బండమీద చూసి, మళ్లీ తట్టడం. వెలుతురు పోయేదాకా. మా మేనల్లుడు ఒకసారి విసుక్కుంటూ, "మామా, ఇంతసేపు చెక్కితే గుళ్లో ఇగ్రహం అయితాండె గదా" అన్నాడు. అవును, అంతసేపు పడుతుంది. నట్టు దిగే రంధ్రాల చుట్టూ నెత్తి గుంటపడి ఉంటే లోపలివైపు నుంచి చెక్కముక్కతో తట్టి పైకి తేవాలి.

మూత తెరిచే ఉంది కదా

వాల్వు సందులు, అంటే వాల్వు కొసకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఖాళీ, కూడా ఫిల్లర్ గేజ్‌తో చూసేయండి. బి-సిరీస్‌కు చల్లటి ఇంజన్ మీద 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు, సుమారు 0.38 మిల్లీమీటర్లు. మీ బండి పుస్తకం ఉంటే అందులోది నిజం. ఎనిమిది వాల్వులకు ముందునుంచి వెనక్కి 1 నుంచి 8 దాకా అంకెలేసుకోండి. ఏ వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకుని ఉందో దాని అంకెను 9లోంచి తీసేస్తే వచ్చే అంకె వాల్వును సరిచూడాలి. 1 నొక్కుకుని ఉంటే 8, 3 నొక్కుకుని ఉంటే 6. క్యామ్ మీద ఆ జతలు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ఈ లెక్క తప్పదు. ఇంజన్ తిప్పడానికి ప్లగ్గులు తీసేసి, టాప్ గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, చక్రం కింద రాయి తీసి, బండిని కొంచెం కొంచెం తోస్తే చాలు. ఒకరు తోయాలి, ఒకరు చూడాలి. ఇది అయ్యాక బ్రేకూ రాయీ మళ్లీ పెట్టండి.

అతికించడం, బిగించడం

మూత అంచు, ప్యాకింగ్ రెండూ జిడ్డు లేకుండా పొడిగా ఉండాలి. రెండిటికీ రబ్బరు బంక పలచగా రాసి, వేలికి అంటీ అంటనట్టు ఆరాక అతికించండి. మూలల దగ్గర మొదలుపెట్టి మధ్యకు రండి, సాగదీయొద్దు. తర్వాత మూతను బండమీద బోర్లించి పైన బరువు పెట్టి గంటసేపు వదిలేయండి. బరువు అంచుల మీద సమంగా పడేట్టు అడ్డంగా చెక్కపలక వేసి దానిమీద పెట్టాలి. మేం రుబ్బురోలు పొత్రం పెడతాం.

హెడ్డు వైపు బంక రాయకూడదు. అక్కడ వేలితో గ్రీజు పూత పూస్తే చాలు. ఈసారి వాల్వులు చూడాల్సొచ్చినప్పుడు ప్యాకింగ్ చిరగకుండా మూతతోపాటే లేస్తుంది, మళ్లీ అదే వాడుకోవచ్చు. అనాబాండ్ లాంటి సిలికాన్ ట్యూబు సగం పిండి చుట్టూ పూసే అలవాటు మన మెకానిక్కులకు ఉంది. బయటికి ఉబికినంత లోపలికీ ఉబుకుతుంది. ఆ ముక్కలు ఊడి చాంబర్లోకి దిగి ఆయిలు పంపు జల్లెడకు అడ్డం పడ్డాయంటే ఇంజనుకే ముప్పు. కార్క్ ప్యాకింగ్‌కు, చదునైన అంచుకు సిలికాన్ అవసరమే లేదు.

మూతను నిలువుగా దించండి, పక్కకు జరపొద్దు. చుట్టూ వేలు పెట్టి ప్యాకింగ్ ఎక్కడా మడత పడలేదని తడిమి చూసుకోండి. కొత్త బుష్షులు, గిన్నె వాషర్లు, నట్లు. ముందు రెండూ చేత్తో బిగించి, తర్వాత పానాతో ఇటు పావు చుట్టు, అటు పావు చుట్టు. మాన్యువల్ లెక్క 4 పౌండ్-అడుగులు, అంటే దాదాపు అయిదున్నర న్యూటన్ మీటర్లు. హెడ్డు నట్లకు దీనికి దాదాపు పదింతలు పెడతారు, ఎంత తక్కువో చూసుకోండి. టార్క్ రెంచి లేకపోతే పానాను నట్టు దగ్గరే, తల పక్కన రెండు వేళ్లతో పట్టుకుని తిప్పండి. బుష్షు వాషరు కింద కొంచెం ఉబ్బగానే ఆపేయండి. అక్కడ చెయ్యి ఇంకా తిప్పమంటుంది, వినొద్దు.

గొట్టాలు, వైర్లు, ప్లగ్గులు, బ్యాటరీ తగిలించి, ఆయిలు గేజి కడ్డీ చూసి తగ్గినంత ఆయిలు పోయండి. నేను 20డబ్ల్యు-40 పోస్తా. స్టార్ట్ చేశాక మానిఫోల్డు మీద పాత ఆయిలు కాలి కాసేపు పొగ వస్తుంది, కంగారు పడొద్దు. పది నిమిషాల తర్వాత ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, నట్లు ఒక్కసారి చూడండి. కార్క్ సర్దుకుని ఉంటే పిసరంత తిరుగుతుంది. ఆ తర్వాత ఇక పానా పెట్టొద్దు.

నా పరీక్ష మాత్రం కడప, రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాటు. ఐడ్లింగ్‌లో ఆగిన లీకు, ఎండలో సెకండ్ గేరులో ఘాటెక్కితే బయటపడుతుంది. పైకి చేరాక బానెట్ ఎత్తి అంచు చుట్టూ తెల్లకాగితం రాసి చూస్తే తెలిసిపోతుంది. పాలకోవా కొనుక్కోవడానికి అదొక సాకు కూడా.

పక్క టాపెట్ మూతలకూ ఇదే పద్ధతి, కానీ వాటిని చేరడానికి కార్బొరేటరూ మానిఫోల్డూ దించాలి, మానిఫోల్డు ప్యాకింగ్ కూడా కొత్తది కావాలి. ఒక్కో మూతకు నడిమధ్య ఒకటే బోల్టు, అందుకే అవి ఇంకా సులువుగా వంగుతాయి. బిగింపు పైమూత కంటే తక్కువే ఉండాలి. మొదటిసారి చేసేవాళ్లు పైమూత పని ముగించి, నెలరోజులు నడిపి, కడిగి పౌడరు చల్లి మళ్లీ చూడండి. పక్కమూతల దగ్గర ఇంకా తడి ఉంటేనే మానిఫోల్డు మీద చెయ్యి వేయండి.

డీజిలు, మడ్డి, నూనె గుడ్డలు కాలవలో పోయొద్దు. డబ్బాలో పట్టి ఆయిలు మార్చే గ్యారేజీలో ఇస్తే వాడిన ఆయిలుతో కలిపి తీసుకుంటారు.